నిమ్మకాయ నలగని కారు

ఆ కారు అందం గురించి ఎవరైనా నా ముందు మొదలుపెడితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అందంగానే ఉండేది, కాదనను. ఎర్ర రంగు, పొడుగాటి ముక్కు, ఆ ముక్కు మీద అడ్డంగా తోలు పట్టీ, సైకిలుకున్నట్టు సన్నని పుల్లల చక్రాలు, ఇద్దరంటే ఇద్దరే కూర్చునే చోటు. పందాల కోసమని దొరల సీమలో చేసిన బండి. అలాంటివి పట్టుమని పది కూడా చేయలేదని మా ఆయన చెప్పేవాడు. దాన్ని ఓడలో తెప్పించుకున్న దొర ఒకడు, యుద్ధం ముంచుకొస్తుందని తన దేశానికి వెళ్లిపోతూ మా ఆయనకు అమ్మేశాడు. అప్పటి నుంచి చిత్తూరులో మా అత్తగారిల్లు ఎక్కడ అంటే ఎవరూ వీధి పేరు చెప్పరు. కారిల్లు అంటారు. నేను కారింటి కోడలిని. పెళ్లయిన మూడేళ్లలో ఆ కారింటి కోడలు ఆ కారులో ఒక్కసారి కూడా కూర్చోలేదు.

మా పుట్టిల్లు తిరుచానూరుకు దగ్గర పల్లె. నాకు అంతకుముందు వచ్చిన సంబంధాలు మంచివే, భూములున్నవాళ్లే. మా నాయన దేనికీ తల ఊపలేదు. ఈయన మాత్రం పెళ్లిచూపులకు ఆ కారు తోలుకుంటూ వచ్చాడు. పల్లెంతా మా వాకిట్లోకి చేరింది. పిల్లను చూడటానికి వచ్చినవాణ్ణి చూసిన వాళ్లు తక్కువ, అందరూ కారు చుట్టూనే. నేను కాఫీ తెచ్చి నిలబడితే మా నాయన కూడా కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు. వచ్చినాయన మాత్రం నన్నే చూశాడు, ఆ ఒక్కటీ ఒప్పుకోవాలి. తెల్లారేసరికి మా నాయన ఇంటి మనిషితో చిత్తూరుకు మాట పంపేశాడు. ఆ తర్వాత నేను పుట్టింటికి వెళ్లిన ప్రతిసారీ ఆయన మొదట అడిగేది "కారు ఎట్లుండాది?" అని. నన్ను అడగడం కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చాక.

పెళ్లికి మాత్రం మా ఆయన రైల్లో వచ్చాడు. కారేదప్పా అని మా నాయన అడిగితే, పెళ్లిజనంలో దానికి గీతలు పడతాయన్నాడట. మా నాయనకు ఆ మాట భలే నచ్చింది. వస్తువును గౌరవించే మనిషి, పిల్లనూ గౌరవిస్తాడు అని అందరితో చెప్పుకున్నాడు. నాకు నచ్చలేదు. పీటల మీద కూర్చునే ముందే నాకు మొదటి అనుమానం వచ్చింది, చెప్పడానికి ఎవరూ దొరకలేదు.

నాకు అనుమానం జాస్తి అని మా అత్త అనేది. జాస్తే, ఏం చేయను. పాలవాడు చెంబు దించకముందే ఒక చుక్క గోటి మీద వేయించుకుని జారుతుందా నిలుస్తుందా అని చూసేదాన్ని. చీరలవాడు రంగు పోదని ఒట్టేస్తే వాడి ముందే తడిగుడ్డతో రుద్దేదాన్ని. ఎవరైనా ఒక మాట రెండుసార్లు చెబితే, రెండోసారి ఎందుకు చెప్పారా అని ఆలోచించేదాన్ని. మా ఆయన కారు గురించి చెప్పే మాట రెండుసార్లు కాదు, రోజూ చెప్పేవాడు. దాన్ని నడపకూడదు, దాచాలి.

కారణాలకేం కొదవ లేదు. ఆ బండి చేసిన కార్ఖానాలో ఇప్పుడు తుపాకులు చేస్తున్నారట. ఒక మర విరిగితే ఇంకొకటి ఈ భూమ్మీద దొరకదట. టైర్లు అసలే కరువట. రోడ్డు మీద తిరిగే ప్రతి మైలూ దాని ఆయుష్షులో కోతేనట. సాయంత్రం పూట మా అరుగు మీద చేరే పెద్దమనుషులకు ఇవన్నీ వివరంగా చెప్పేవాడు. పక్కింటి వకీలు ఒక్కడే ఒప్పుకునేవాడు కాదు.

"ఏమప్పా, గుర్రాన్ని కొని కట్టేసుకుంటే దాన్ని గుర్రమంటారా? నడిస్తేనే బండి. లేకుంటే బొమ్మ" అనేవాడు వకీలు.

"గుర్రం చచ్చిపోతే ఇంకో గుర్రం పుడతాది. ఇది పుట్టదు గదప్పా" అనేవాడు మా ఆయన.

ఆ మాటకు అరుగంతా తల ఊపేది. బజారులో కూడా ఇదే చర్చ. కిరాణా కొట్టు దగ్గర సగంమంది వకీలు పక్షం, సగంమంది మా ఆయన పక్షం. కూపన్లు లేక పెట్రోలు దొరకని రోజులు, బస్సులు వెనక డ్రమ్ము కట్టుకుని బొగ్గు పొగ మీద నడిచే రోజులు. ఎక్కడానికి కారు లేనివాళ్లంతా కారును నడపాలా దాచాలా అని కొట్లాడుకునేవాళ్లు.

నన్ను అడిగితే నేను చెప్పేదాన్ని, ఎవరూ అడగలేదు. మా అత్త తన పెళ్లి పట్టుచీరను మడత విప్పకుండా పెట్టెలో ఇరవై ముప్పై ఏళ్లు దాచింది. మా పెళ్లికి కట్టుకుందామని తీస్తే మడత ఎక్కడుంటే అక్కడ గీత గీసినట్టు చిరిగింది. రోజూ తోమే ఇత్తడి బిందె మాత్రం తళతళలాడుతూ వంటింట్లో ఉంది. అయినా నా బాధ చీర గురించీ కాదు, బిందె గురించీ కాదు. మనిషి ఏదైనా గొళ్లెం వేసి దాస్తున్నాడంటే, దాచేది ఆ వస్తువునేనా, ఇంకేదైనానా అని నాకు సందేహం.

కారు పెరట్లో బెల్లం గానుగకు ఆవల ఒక కొట్టంలో ఉండేది. దాని తాళంచెవి మా ఆయన మొలతాడుకు కట్టుకునేవాడు. స్నానానికి వెళ్లినా విప్పడు. లోపలికి వెళ్లే హక్కు ఆయనకు, మా పెద్ద సేద్యగాడికి. నాకు శుక్రవారం ఒక్క పూట.

ఆ శుక్రవారం సంగతి చెప్పాలి. పెళ్లయిన ఏడాది ఆయుధపూజ నాడు మా అత్త కారుకు పసుపు కుంకుమలు పెట్టి, చక్రానికొక నిమ్మకాయ ముందుంచి, "ముందుకు తోలు నాయనా" అంది. బండి కదిలి కాయ నలిగితేనే దిష్టి పోయినట్టు. మా ఊళ్లల్లో ఎద్దుల బండికైనా, బస్సుకైనా అదే పద్ధతి. మా ఆయన కదల్లేదు. "ఇది అట్లాంటి బండి కాదమ్మా. కాయ అట్లనే ఉండనీ" అన్నాడు. నలగని నిమ్మకాయ ఇంట్లో ఉంటే దిష్టంతా ఇంటివాళ్ల మీదే పడుతుందని మా అత్త కళ్లనీళ్లు పెట్టుకుంది. చివరికి ఒప్పందం ఏమిటంటే, ప్రతి శుక్రవారం కోడలు వెళ్లి ఎండిన కాయలు తీసి కొత్తవి పెట్టాలి. ఆయన తాళం తీసి, గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడేవాడు. నేను చక్రం చక్రానికీ వంగి కాయ పెట్టి లేచేదాన్ని. కారు సీటు మీద చెయ్యి వేస్తే, "సాల్లే, రా" అనేవాడు. ఎందుకంత తొందర అని నాకు మంట.

నాకు మూడేళ్లకూ కడుపు పండలేదు. ఆ నలగని నిమ్మకాయలే కారణమని మా అత్త నమ్మకం. నన్ను ఒక్క మాట అనేది కాదు, పాపం, కొడుకునే సాధించేది.

మద్రాసు మీద బాంబులు పడతాయని జనం సంసారాలు కట్టుకుని మా వైపు వచ్చిన ఏడాది, వకీలు ఒక పెద్ద వ్యాపారిని మా ఇంటికి తీసుకొచ్చాడు. ఆయనకు మద్రాసు బంగళాలో ఇలాంటి అరుదైన కార్లు నాలుగైదు ఉన్నాయట. చక్రాలకు నేల తగలకుండా చెక్కదిమ్మెల మీద నిలబెట్టి, రోజూ మనిషిని పెట్టి తుడిపిస్తాడట. మా ఆయన కొట్టం తెరిచి చూపిస్తే ఆయన చెప్పులు బయటే విడిచి లోపలికి వెళ్లాడు. నేను గానుగ పక్కన బెల్లం అచ్చులు ఎండబెట్టే నెపంతో నిలబడి అంతా విన్నాను.

"దీన్ని నాకు ఇచ్చేయండి. మీరెట్లా చూసుకుంటా ఉండారో నేనూ అట్లే చూసుకుంటాను" అన్నాడు వ్యాపారి.

"అమ్మేది లేదు" అన్నాడు మా ఆయన.

"అయితే ఒక్క తడవ స్టార్టు చేయండి. శబ్దం విని పోతాను. ఆ శబ్దం కోసమే మా వూరి దొరలు చెవి కోసుకునేవాళ్లు."

మా ఆయన నవ్వాడు. "దాచేటోడివి, నీకు శబ్దమెందుకప్పా? సూసినావు గదా, సాలు."

వకీలు పకపకా నవ్వాడు. వ్యాపారి కూడా నవ్వి, నిజమేనని దండం పెట్టి వెళ్లిపోయాడు. అరుగు మీద ఆ జవాబును వారం రోజులు చెప్పుకున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. కారంటే ప్రాణం పెట్టే మనిషి, దాని విలువ తెలిసినవాడు వెతుక్కుంటూ వచ్చి ఒక్కసారి వినిపించమంటే వినిపించడా? పెళ్లిచూపుల రోజు మా పల్లె చివర దాకా ఆ శబ్దం చేసుకుంటూ పోయిన మనిషే కదా. ఇందులో ఏదో ఉంది అనుకున్నాను. అక్కడి నుంచి నా కళ్లకు నిద్ర లేదు.

వెతికేవాడికి దొరకనిదేముంది. ఆ తర్వాత శుక్రవారాల్లో ఒకనాడు కొత్త కాయలు తీసుకుని వంగితే, వెనక చక్రం కింద పాత నిమ్మకాయ పచ్చడై ఉంది. గింజలు టైరుకు అతుక్కుని ఎండిపోయాయి. నేను తలెత్తి గుమ్మం వైపు చూశాను. ఆయన ఎటో చూస్తున్నాడు. అడగకుండా ఉండటం నాకు చేతకాని పని, అయినా పళ్లు బిగబట్టి బయటికొచ్చాను. నడపకూడని బండి ఎవరి కోసం కదిలింది?

పెట్రోలు సంగతి ఆ తర్వాత పట్టుకున్నాను. కూపన్ల మీద వచ్చే పెట్రోలును సేద్యగాడు డబ్బాలో తెచ్చి కొట్టంలో పెట్టేవాడు. కారు తిరగనప్పుడు పెట్రోలు ఎందుకు తెప్పిస్తున్నారని అడిగితే, తీసుకోకపోతే కూపన్లు ఆపేస్తారని మా ఆయన జవాబు. సరే. మరి డబ్బా మళ్లీ మళ్లీ ఖాళీగా బయటికి ఎందుకు వస్తోంది? మా ఆయన చేతుల దగ్గర, పంచె అంచుల దగ్గర ఆ వాసన ఎందుకు? సేద్యగాణ్ణి నిలేశాను. మా అత్తగారింటికి నాకంటే ముందు వచ్చిన మనిషి, నెరిసిన మీసాలు, అబద్ధం చెప్పడం బొత్తిగా చేతకాదు.

"యాడికి పోతా ఉండాది కారు?" అన్నాను.

"యాడికీ పోలేదమ్మా."

"పెట్రోలు నువ్వు తాగుతా ఉండావా అయితే?"

వాడు తలగుడ్డ తీసి మళ్లీ కట్టుకున్నాడు. "నన్నడగొద్దమ్మా. అయ్య మీద ఒట్టేసినా" అన్నాడు. ఒట్టు వేయించుకున్నారంటే చిన్న సంగతి కాదు.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆముదం ఒక ఎత్తు. మా అత్త ఏటా దగ్గరుండి వంటాముదం తీయించి, సీసాలకు ఎత్తి అటక మీద పెట్టేది. బాలింతకు, పసిబిడ్డకు అది లేకపోతే గడవదు. బిడ్డ మాడుకు, పొట్టకు, కాళ్లకు అన్నిటికీ అదే. నాకు ఎప్పుడు అవసరం పడుతుందోనని ఆమె ఆశ. ఆ కార్తీకంలో అటక దులుపుతుంటే సగం సీసాలు లేవు. పనిమనిషి తీసిందని మా అత్త గొణిగింది. నేను నమ్మలేదు. ఒకరోజు మధ్యాహ్నం అందరూ నడుం వాల్చిన వేళ, మా ఆయన కండువా కింద సీసా పట్టుకుని పెరటి వైపు వెళ్లడం నా కళ్లతో నేను చూశాను.

మగవాడికి వంటాముదంతో పనేముంది? రెండు సీట్ల కారు. నలిగిన నిమ్మకాయ. ఎటో పోతున్న పెట్రోలు. ఇప్పుడు ఆముదం. నేను మంచం మీద కూర్చుని అన్నిటినీ ఒక చోట చేర్చాను. ఆయనకు ఎక్కడో ఇంకో ఇల్లుంది. అక్కడ పసిబిడ్డ ఉంది. నాకోసం మా అత్త దాచిన ఆముదం ఆ బిడ్డ మాడుకు పెడుతున్నారు. ఏడ్చాను, చీర కొంగు నోట్లో కుక్కుకుని, మా అత్తకు వినపడకుండా.

అయినా ఒక్క అవకాశం ఇద్దామనుకున్నాను. తిరుచానూరు అమ్మవారి పంచమి తీర్థం దగ్గర పడింది. అన్నం వడ్డిస్తూ అడిగాను.

"పంచమికి నన్ను కారులో తీసకపోండి. పోయేది వచ్చేది అంతే. పెట్రోలు ఉండాది గదా."

ఆయన ముద్ద కలుపుతూ ఆగిపోయాడు. "రైల్లో పోదాం. దాన్ని బయటికి తీసేది లేదని తెలుసు గదా నీకు."

"ఎవురికోసరమూ తీయరా?"

"ఎవురికోసరమూ తీయను."

కళ్లలోకి చూసి అబద్ధం ఆడాడు. నిమ్మకాయ గింజలు నా కళ్ల ముందు ఆడుతున్నాయి. ఆయన వద్దనుకున్నది కారు తీయడం కాదు, నన్ను ఎక్కించుకోవడం. ఆ పక్క సీటు ఇంకొకరిది. ఇంకొకరి మిగులు మీద బతకడం నా వల్ల కాదు. మాకు పూలిచ్చే పూలమ్మి ఆ రోజే మా ఊరికి వెళుతుంటే ఆమెతో మా అన్నకు కబురు పంపాను, వచ్చి నన్ను తీసుకుపొమ్మని. ఎందుకో చెప్పలేదు. ఒకసారి వెళ్తే మళ్లీ ఈ గడప తొక్కను అని మాత్రం నాలో నేను గట్టిగా అనుకున్నాను.

అన్న వచ్చే ఉదయం మా అత్త గుడికి వెళ్లింది. నేను పెట్టె సర్ది వాకిట్లో పెట్టి, తిన్నగా కొట్టం దగ్గరికి వెళ్లాను. తలుపు లోపలి నుంచి గడియ పెట్టి ఉంది. దబదబా బాదాను. ఆయన తెరిచాడు. చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి.

"మా అన్న వస్తా ఉండాడు. నేను పోతా ఉండాను" అన్నాను.

"యాడికి?"

"మా ఇంటికి. మీ రెండో ఇంటికి ఆముదం సరిపోతా ఉండాదా? ఇంగ రెండు సీసాలుండాయి అటక మీద, అవీ ఎత్తుకపోండి. బిడ్డ మగబిడ్డా ఆడబిడ్డా?"

ఆయన నోరు తెరిచి నన్నే చూస్తూ నిలబడ్డాడు. "ఏ బిడ్డ? నీకేమన్నా పిచ్చి పట్టిందా?"

"నాకు పిచ్చి లేదు. మీకు సిగ్గు లేదు. మూడేండ్లు నన్ను దీన్ని తాకనీలేదు. పోయేటప్పుడైనా ఒక్క తడవ ఎక్కించుకోని టేషన్ కాడ దించండి. ఊరు సూడనీ, కారింటి కోడలు కారులో పోతా ఉండాదని."

ఆయన కారు ముక్కు కింద రంధ్రంలో పెట్టి ఉన్న, ఇంజనును తిప్పే ఇనుప హ్యాండిలు చూపించాడు.

"తిప్పు" అన్నాడు.

"నేనెందుకు తిప్పాల?"

"తిప్పు సూస్తాం."

నేను కొంగు నడుముకు చుట్టి, రెండు చేతులా పట్టుకుని బలం కొద్దీ తిప్పాను. కదల్లేదు. కాళ్లు నేలకు తన్నిపెట్టి ఇంకోసారి లాగాను. భూమిలో పాతిన గుంజను తిప్పినట్టుంది. ఆయన పక్కకు వచ్చి నా చేతుల మీద చేతులు వేశాడు. ఇద్దరం కలిసి బరువంతా వేసి లాగాం. వెంట్రుక వాసి కూడా కదల్లేదు.

"ఇంజను బిగిసిపోయింది. ఇది నడిసే బండి కాదే. సచ్చిపోయిన బండి" అన్నాడు.

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అప్పుడు కొట్టంలోకి చూశాను, మొదటిసారి సరిగ్గా. కింద గోనెపట్ట మీద విప్పిన మరలు, పెట్రోలు పోసిన పళ్లెంలో నానుతూ ఉన్నాయి. గోడ వారగా మా అత్త సీసాలు, వరసగా, ఖాళీగా. ఆ ఆముదాన్ని ఇంజనులో పోసి నానబెడితే బిగింపు వదులుతుందని ఎవరో చెప్పారట. పోసి, సేద్యగాడూ ఆయనా కలిసి కారును ముందుకీ వెనక్కీ ఊపుతున్నారట, లోపల ఏమైనా కదులుతుందేమోనని. ప్రతిసారీ కాయలు పక్కకు తీసి ఊపేవాళ్లట, ఒకసారి వెనకది మరిచిపోతే ఆ ఊపుడుకే నలిగింది. నేను ఇంజను మూత దగ్గర వంగి వాసన చూశాను. అవును, వంటాముదమే.

"ఎప్పుటి నుంచి?" అని అడిగాను.

ఆయన ఒక గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు.

"నిన్ను సూసి వచ్చిన దినం నుంచి" అన్నాడు. "చంద్రగిరి కాడ ఆపి ఇంజనుకు నీళ్లు పోసుకోవాల. మర్సిపోయినా. పాకాల దాటేసరికి పొగ లేసింది. అప్పుడన్నా ఆపల్ల. ఆపలేదు. ఇంటికి పోయి అమ్మతో పిల్ల నచ్చిందని సెప్పల్లని తోల్తా వచ్చినా. నడిమద్దెన బిగుసుకోని నిలిసిపోయింది. ఎద్దుల్ని కట్టి, పైన చెరకాకు కప్పి, తెల్లారేటప్పటికి ఈడికి తెచ్చినాం. ఆ పొద్దే మీ నాయన మనిషి వచ్చినాడు. కారుండే ఇల్లని పిల్లనిస్తా ఉండాం అన్నాడు. నేనేం సెప్పేది?"

"మెకానిక్కును పిలిపించుకోకూడదా?"

"పిలిస్తే ఊరికి తెలుస్తాది. ఊరికి తెలిస్తే మీ నాయనకు తెలుస్తాది. అందరూ ఎందుకు నడపవని అడగబట్టిరి. నడపకూడదు, దాచాల అని ఒక తడవ అనేసినా. అందరూ మెచ్చుకునిరి. ఇంగ ఆ మాట మీదనే నిలబడాల్సి వచ్చింది."

నాకు ఏడుపు వచ్చింది, కోపం వచ్చింది, నవ్వు కూడా వచ్చింది. మూడేళ్లు ఒక చచ్చిన ఇనుముకు నేను నిమ్మకాయలు పెట్టాను. వకీలు, వ్యాపారి, బజారు బజారంతా దాని గురించి వాదించుకున్నారు. నా అనుమానం ఉత్తది కాదు, ఆ ఇంట్లో అబద్ధం ఉండనే ఉంది. నేను వెతికిన అబద్ధం అది కాదు, అంతే. బిడ్డ లేదు, ఇంకో ఇల్లు లేదు అన్న మాట నా లోపలికి దిగేసరికి కారు అంచు పట్టుకుని ఆ పక్క సీటులో కూర్చుండిపోయాను. తోలు చల్లగా ఉంది. ఆయన "రా" అనలేదు ఈసారి.

"నాకు సెప్పచ్చు గదా" అన్నాను.

"సెప్తే పోతావనుకున్నా."

"సెప్పకపోయినందుకే పోతా ఉండా గదా ఇప్పుడు!"

బయట జట్కా గంటలు వినిపించాయి. మా అన్న గొంతు, "పాపా" అని. ఆయన ముఖం పాలిపోయింది. ఊళ్లో అంత పేరున్న మనిషి, ఖాళీ సీసాల మధ్య నల్లటి చేతులతో నిలబడి, "నువ్వే సెప్పు మీ అన్నకు. నాకు నోరు రాదు. మీ నాయనకు తెలిసినా సరే. పోతే పో, నేనేమీ అనను" అన్నాడు. అలా అంటున్న మనిషి కళ్లలో నీళ్లు ఉన్నాయి. నేను ఆయన్ను అంతకుముందెన్నడూ అలా చూడలేదు.

నేను బయటికొచ్చి కొట్టం తలుపు దగ్గరగా లాగాను. మా అన్న అప్పటికే పెరట్లోకి వచ్చేశాడు, నా పెట్టె చేత్తో పట్టుకుని.

"ఏమైంది పాపా? ఏడ్సినావా?"

"ఏం లేదన్నా. పొగ."

"పొయ్యి యాడుండాది ఈడ?" అని చుట్టూ చూశాడు. "బావ కొట్టినాడా?"

"ఛీ, అట్లాంటి మనిషి కాదు."

"మరి ఎందుకు రమ్మన్నావు? పూలమ్మి నీ మొగం సూసి బయపడి సెప్పింది. నాయన తిండి తినలేదు తెలుసునా. ఉన్నదున్నట్టు సెప్పు."

చెప్పడానికి అంతా నా నాలుక చివరనే ఉంది. చెబితే ఆ సాయంత్రానికి మా పల్లెలో తెలుస్తుంది, రేపటికి చిత్తూరులో తెలుస్తుంది, అరుగు మీద నవ్వుకుంటారు. నేను నా జీవితంలో ఎవరి అబద్ధాన్నీ దాచలేదు. దొరికినవాణ్ణి దొరికినట్టే కడిగేసేదాన్ని.

"పంచమికి కారులో తీసకపొమ్మన్నా. పోనన్నాడు. కోపమొచ్చి కబురు పెట్టినా. నా తిక్క నీకు తెలుసు గదా" అన్నాను.

"అంతేనా? అయితే ఎందుకు తీసకపోడు? తాళి కట్టిన పెండ్లామును ఒక దినం ఎక్కించుకుంటే అరిగిపోతాదా?"

"అరిగిపోతాది అన్నా. మర ఒక్కటి పోతే మళ్లీ దొరకదు. అట్లాంటి బండి రోడ్డెక్కరాదు. ఆయనకు తెలియకనా?"

నా నోటి నుంచి ఆ మాటలు ఎంత నున్నగా వచ్చాయో నాకే ఆశ్చర్యం వేసింది. అన్న పెట్టె కింద పెట్టాడు. తలుపు వైపు ఒక అడుగు వేశాడు. నేను తలుపుకు అడ్డంగా నిలబడ్డాను.

"బావ లోపల ఉండాడా?"

"పూజ చేస్తా ఉండాడు. ఇప్పుడు వద్దు."

"ఒక్క తడవ స్టార్టు చేసి సూపించమను. శబ్దం విని, నువ్వు సెప్పేది నిజమేనని నాయనకు సెప్పుకుంటా. లేదంటే నాతో రా."

"రెండూ లేవన్నా. నువ్వు పో."

అన్న నా ముఖాన్ని, నా కొంగును, కొంగుకు అంటిన నల్లటి నూనె మరకను ఒకదాని తర్వాత ఒకటి చూశాడు. నన్ను చంకనేసుకుని పెంచిన అన్న, నా మాటకు ఎదురు మాట ఎరగని అన్న, నా మాట ఒక్కటి కూడా నమ్మలేదు. అది నాకు తెలియకుండా ఎలా ఉంటుంది, ఆ ఇంట్లో మూడేళ్లుగా అందరినీ ఆ చూపు చూసింది నేనే. జట్కా ఎక్కి కూడా అన్న వెనక్కి తిరిగి పెరటి వైపే చూస్తూ వెళ్లాడు. వీధి మలుపు తిరిగేదాకా ఆగి, నేను గేటు మూసి లోపలి గొళ్లెం పెట్టాను.